ఏ ప్రశ్న పట్టుకుని వెళ్తున్నాం?



మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక దుకాణానికి వెబ్‌సైటు ఉందనుకోండి. మనకు అర్ధరాత్రి దాటిన వేళ, అమెరికాలో ఉన్న ఒక అమ్మాయి ఫోన్‌లో ఆ సైటు తెరిచి, చీర రంగు, అంచు చూసుకుని, డబ్బు కట్టేస్తుంది. ఇక్కడ దుకాణం షట్టరు దించి ఉంటుంది, యజమాని నిద్రలో ఉంటారు. ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో మాత్రం ఒక సర్వర్ మేలుకుని ఆ అమ్మాయికి జవాబు చెబుతూ ఉంటుంది. ఆ సర్వర్‌నూ, దాని మీద ఉన్న సైటునూ, దుకాణం పేరుతో నడిచే ఈమెయిల్‌నూ రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండే వ్యాపారమే వెబ్ హోస్టింగ్. ఐదారుగురితో, పది మందితో ఈ పని చేస్తున్న చిన్న సంస్థలు మన ఊళ్లలో కూడా ఉన్నాయి.

ఈ రంగానికీ సదస్సులు ఉన్నాయి. వాటికి వెళ్లేవాళ్లు ఎలా సిద్ధపడాలన్నది ఈ పూట నేను మాట్లాడబోయే విషయం. హోస్టింగ్‌తో సంబంధం లేని శ్రోతలు కూడా కాసేపు వినండి. మీ సైటు, మీ మెయిలు ఎవరి చేతిలో ఉన్నాయో, వాళ్లు ఏ విషయాల గురించి ఆలోచించాలో మీకూ తెలియడం మంచిది.

ఈ రంగంలో అందరి నోటా వినిపించే సదస్సు జర్మనీలో జరుగుతుంది. ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరగా, రైన్ నది పక్కన రుస్ట్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ యూరోపా పార్క్ అనే పెద్ద వినోద ఉద్యానం ఉంది. తరతరాలుగా బండ్లు, రంగులరాట్నాలు తయారుచేస్తూ వచ్చిన మాక్ అనే కుటుంబం 1975లో దాన్ని తెరిచింది. ఆ ఉద్యానంలోనూ దాని హోటళ్లలోనూ మార్చి నెలలో హోస్టింగ్ వాళ్లంతా చేరతారు. 2004లో మొదలైన ఈ సదస్సును చాలాకాలం వరల్డ్ హోస్టింగ్ డేస్ అనేవాళ్లు. 2018 నుంచి క్లౌడ్‌ఫెస్ట్ అంటున్నారు. సర్వర్లు తయారుచేసేవాళ్లు, డేటా సెంటర్ల వాళ్లు, డొమైన్ పేర్లు అమ్మేవాళ్లు, సైట్లనూ మెయిళ్లనూ నిర్వహించుకునే కంట్రోల్ ప్యానెల్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, బ్యాకప్ కంపెనీలు, స్పామ్‌ను అడ్డుకునేవాళ్లు, వేల మంది ఒకే చోట దొరుకుతారు. మన దేశంలో కూడా కొన్నేళ్లపాటు ముంబయిలో హోస్టింగ్‌కాన్ ఇండియా పేరుతో ఇలాంటి సదస్సు జరిగింది.

రుస్ట్ దాకా వెళ్లి రావడం చిన్న సంస్థకు చిన్న ఖర్చు కాదు. విమానం టికెట్టు, వీసా, గది, భోజనం అన్నీ కలిపితే ఆ డబ్బుతో ఇక్కడ ఒక మంచి సర్వర్‌ను చాలాకాలం అద్దెకు తీసుకోవచ్చు. లేదా కొత్తగా చేరిన ఒక కుర్రాడికి కొన్ని నెలల జీతం ఇవ్వచ్చు. అంత ఖర్చుపెట్టి వెళ్లేవాళ్లు అక్కడ ఏం చేస్తారు? చాలామంది స్టాళ్ల మధ్య తిరుగుతారు, ఉచితంగా ఇచ్చే చొక్కాలు, సంచులు తీసుకుంటారు, పెద్ద వేదిక మీద కృత్రిమ మేధ గురించి నాలుగు ప్రసంగాలు వింటారు, ఫొటోలు దిగుతారు. ఆ ప్రసంగాల్లో చాలావాటిని తర్వాత వీడియోలో చూసుకోవచ్చు. వీడియోలో దొరకనిది ఒకటుంది. మన సమస్యను ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి ముందే పెట్టి, అతని మొహం చూస్తూ జవాబు రాబట్టే అవకాశం. అందుకోసం మన దగ్గర ఒక ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్న బయల్దేరేముందే, ఇక్కడే తయారు కావాలి.

ప్రశ్నలు ఎక్కడి నుంచి వస్తాయి? నా సమాధానం ఒక్కటే: పాత టికెట్లు చదవండి. హోస్టింగ్‌లో టికెట్టు అంటే కస్టమర్ రాసుకున్న ఫిర్యాదు. సైటు ఓపెన్ కావడం లేదు, మెయిల్ వెళ్లడం లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయాను, బిల్లు రెండుసార్లు కట్ అయింది, ఇలాంటివి. ప్రతి సంస్థలోనూ ఏడాదికి వందలు, వేలు పోగవుతాయి. పరిష్కరించి మూసేశాక వాటిని మళ్లీ ఎవరూ తెరవరు. సదస్సుకు నెలన్నర, రెండు నెలల ముందు కూర్చుని గడిచిన ఏడాది టికెట్లన్నీ తిరగేయండి. ఒక్కరే కాదు, ఫోన్లు ఎత్తే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ రకం ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చింది, ఒక్కో దానికి ఎంతసేపు పట్టింది, ఏది మళ్లీ మళ్లీ వస్తోంది అని ఒక కాగితం మీద రాసుకోండి. యజమాని మనసులో ఉన్న సమస్య ఒకటైతే, టికెట్లలో కనిపించేది తరచుగా వేరేది అవుతుంది. సర్వర్ వేగం గురించి దిగులుపడే యజమానికి, కస్టమర్లు ఎక్కువగా ఏడ్చింది మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నందుకని అప్పుడు తెలుస్తుంది. ఇక ఆయన ప్రాసెసర్లు అమ్మే స్టాలుకు కాదు, మెయిల్ వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

టికెట్లతో పాటు బిల్లులు కూడా. హోస్టింగ్ సంస్థ తాను అమ్మే దాంట్లో ఎంత భాగం లైసెన్సులకు కడుతోందో లెక్క వేసుకోవాలి. దీనికి ఈ రంగంలో అందరికీ గుర్తున్న ఉదాహరణ సీప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్ సంస్థ. ఒక సర్వర్ మీద ఎన్ని సైట్లున్నా ఒకే లైసెన్సు రుసుము అన్న పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. 2019లో ఆ సంస్థ ఖాతాల సంఖ్యను బట్టి వసూలు చేసే పద్ధతికి మారింది. ఒక్కో సర్వర్ మీద వందల కొద్దీ చిన్న ఖాతాలు పెట్టుకుని తక్కువ ధరకు అమ్మే వాళ్ల లెక్కలన్నీ తలకిందులయ్యాయి. అలాంటి మార్పు మళ్లీ వస్తే మనం ఏం చేయాలి, వేరే ప్యానెల్‌కు మారితే ఎన్ని సైట్లు చెడకుండా తరలించగలం, ఆ పని ఎవరు చేసి చూశారు అన్నవి సదస్సులో అడగదగిన ప్రశ్నలు. అయితే వీటికి జవాబు ప్యానెల్ అమ్మేవాళ్ల దగ్గర దొరకదు. మనలాంటి ఇంకో చిన్న హోస్టింగ్ సంస్థ యజమాని దగ్గర, కాఫీ తాగే చోట దొరుకుతుంది.

ఇంకో ప్రశ్న క్యాలెండర్ నుంచి వస్తుంది. బ్రౌజర్‌లో సైటు పేరు పక్కన తాళం గుర్తు చూసే ఉంటారు. దాని వెనక ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. అప్పటికి ఏడాదికి పైగా ఉన్న ఆ గడువును తగ్గించాలని బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. 2026 మార్చి 15 నుంచి గరిష్ఠంగా 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. లెక్క కట్టి చూడండి. 500 సైట్లున్న చిన్న సంస్థ ఏడాదికి ఒక్కసారి చేసుకుంటూ వచ్చిన పనిని, 47 రోజుల గడువు వచ్చేసరికి ఒక్కో సైటుకు కనీసం ఎనిమిది సార్లు చేయాలి. మొత్తం 4,000 సార్లు. మనిషి చేత్తో చేసే పని కాదది. ఇప్పటికే చాలా చోట్ల యంత్రమే చేస్తోంది, నిజమే. కానీ బ్యాంకులకూ కాలేజీలకూ డబ్బు పెట్టి కొన్న సర్టిఫికెట్లు, పాత ప్యానెళ్ల మీద ఉన్న సైట్లు, సైటు పేరును సర్వర్‌కు కలిపే డీఎన్‌ఎస్‌ను వేరే వాళ్ల దగ్గర పెట్టుకున్న కస్టమర్లు, వీటన్నిటి సంగతేమిటి? ఈ ప్రశ్నను అంకెలతో సహా పట్టుకెళ్లిన మనిషికి సర్టిఫికెట్ల స్టాలులో సేల్స్ వాళ్లు జవాబు చెప్పలేరు. వాళ్లే లోపలికి వెళ్లి ఇంజనీరును పిలుచుకొస్తారు. మనకు కావలసింది కూడా అదే.

రుస్ట్‌లో నిలబడి అడగాల్సిన మరో ప్రశ్న బ్యాకప్ గురించి. అక్కడి నుంచి నది దాటి నలభై, యాభై కిలోమీటర్లు వెళ్తే ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. 2021 మార్చి 10న తెల్లవారకముందే ఆ ఊళ్లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ సంస్థ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ఎస్‌బీజీ2 అనే భవనం పూర్తిగా కాలిపోయింది, పక్కనే ఉన్న ఎస్‌బీజీ1లో కొంత భాగం పోయింది. ప్రాణనష్టం జరగలేదు. ఆగిపోయిన వెబ్‌సైట్లు 36 లక్షల దాకా ఉంటాయని నెట్‌క్రాఫ్ట్ సంస్థ అంచనా వేసింది. ఆ కస్టమర్లలో కొందరు బ్యాకప్‌కు కూడా డబ్బు కట్టారు. ఆ బ్యాకప్‌లు అదే ప్రాంగణంలో ఉండటంతో అసలుతో పాటు అవీ కాలిపోయాయి. వ్యవహారం కోర్టులకు వెళ్లింది.

ఈ సంఘటన తెలిసినవాళ్లు బ్యాకప్ స్టాలు దగ్గర ఎంత వేగంగా తీస్తారు, ఎంత చవకగా దాస్తారు అని అడిగి ఊరుకోరు. నా బ్యాకప్ ఏ ఊళ్లో ఉంటుంది, ఏ భవనంలో ఉంటుంది, అసలు సర్వర్‌కు దానికి మధ్య ఎంత దూరం, ఆ మాట ఒప్పందంలో రాసిస్తారా అని అడుగుతారు. ఇంకో మాట కూడా అడగాలి: మీ బ్యాకప్ నుంచి మొత్తం సర్వర్‌ను తిరిగి నిలబెట్టిన హోస్టింగ్ సంస్థను ఒక్కదాన్ని నాకు పరిచయం చేయండి. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే కంపెనీతోనే ముందుకు వెళ్లొచ్చు. బయల్దేరేముందు మన దగ్గర ఉన్న బ్యాకప్‌ను కూడా ఒక వారం కేటాయించి తిరిగి నిలబెట్టి చూడాలి. ఎంతసేపు పట్టింది, ఏది రాలేదు అన్నది చేతిలో ఉంటే అక్కడ సంభాషణ వేరే స్థాయిలో నడుస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్నకు వస్తాను. అది మనం తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్న: తెలుగులో ఇంటర్నెట్ చిరునామాలు. ముందు దాని నేపథ్యం చెబుతాను.

ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే సంస్థ 57వ సమావేశం 2016 నవంబరు 3 నుంచి 9 దాకా హైదరాబాద్‌లో, మాదాపూర్ అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరిగింది. అసలు ఆ సమావేశం ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో జరగాల్సింది. జికా వైరస్ భయంతో మన ఊరికి మార్చారు. అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ముగిసి, ఐకాన్ 2016 అక్టోబరు 1 నుంచి స్వతంత్రంగా నడవడం మొదలయ్యాక జరిగిన మొదటి సమావేశం అదే. ప్రపంచం నలుమూలల నుంచి మూడు వేల మందికి పైగా వచ్చారు.    2008 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం కూడా ఇక్కడే జరిగింది.  అంటే ఇంటర్నెట్ పేర్ల గురించి ప్రపంచం మాట్లాడుకున్న గదులు మన ఊళ్లో కూడా ఉన్నాయి.

ఆ గదుల్లో చర్చకు వచ్చిన విషయాల్లో ఒకటి అన్ని లిపుల్లోనూ ఇంటర్నెట్ పేర్లు. డాట్ భారత్ అనే డొమైన్‌ను తెలుగు లిపిలో కూడా తీసుకోవచ్చు. ఈమెయిల్ చిరునామాలో ఇంగ్లీషు కాని అక్షరాలను అనుమతించే సాంకేతిక ప్రమాణం 2012లోనే వచ్చింది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ 2015లో ఆ ప్రమాణాన్ని అందుకుంది. అలాంటి చిరునామాలకు జీమెయిల్ నుంచి 2014 నుంచే ఉత్తరం పంపవచ్చు. దారి ఇంతవరకు వేసి ఉంది. అయినా మంగళగిరి దుకాణం యజమాని తన దుకాణం పేరును తెలుగులో రాసి, దాని కింద తెలుగులోనే ఒక మెయిల్‌బాక్సు అడిగితే, ఇచ్చే హోస్టింగ్ సంస్థలు ఎన్ని? కంట్రోల్ ప్యానెల్‌లో ఆ పేరు టైపు చేస్తే తీసుకుంటుందా? సైటులోని ఆర్డరు ఫారం ఆ చిరునామాను తప్పుడు చిరునామా అని తిప్పికొట్టదా? బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్వాయిసు మీద దాన్ని గళ్లుగా, ప్రశ్నార్థకాలుగా ముద్రించదా?

దీన్ని మాటల్లో అడిగితే ఏ కంపెనీ అయినా మద్దతు ఉందనే చెబుతుంది. అందుకే బయల్దేరేముందు ఒక పరీక్షా డొమైన్ తెలుగులో తీసుకోండి. ఒక మెయిల్‌బాక్సు తయారుచేయడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిందో తెరల ఫొటోలు తీసి పెట్టుకోండి. రుస్ట్‌లో కంట్రోల్ ప్యానెల్ వాళ్ల స్టాలు ముందు లాప్‌టాప్ తెరిచి, ఇదిగో ఇక్కడ ఆగింది, తొమ్మిదిన్నర కోట్లమందికి పైగా మాట్లాడే భాష మాది అని చెప్పండి. ఆ మాట అనగలిగేవాళ్లు ఆ హాలులో మనవాళ్లే. సదస్సుకు ముందు అక్కడ హ్యాకథాన్ కూడా జరుగుతుంది. ప్రోగ్రామర్లు బృందాలుగా కూర్చుని ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కొత్త సౌకర్యాలు చేరుస్తారు. మన కుర్రాళ్లలో ఒకరిని దానికి పంపగలిగితే, ఆ ఫారం తిప్పికొట్టే సమస్యను అక్కడే కూర్చుని సరిచేసే వీలుంటుంది. నా మనసులో ఉన్న పెద్ద కోరిక ఇది, దాచుకోను.

ప్రశ్నలు సిద్ధమయ్యాక అపాయింట్‌మెంట్లు. సదస్సు యాప్ కొన్ని వారాల ముందే తెరుస్తారు. అక్కడికి వెళ్లాక చూద్దాంలే అనుకుంటే, మనకు కావలసిన మనిషి సమయమంతా అప్పటికే వేరేవాళ్లు తీసేసుకుంటారు. రోజుకు ఐదారు కన్నా ఎక్కువ పెట్టుకోవద్దని నా సలహా. ఒక హాలు నుంచి ఇంకో హాలుకు నడవాలి, మధ్యలో అనుకోకుండా కలిసే వాళ్లకూ చోటుండాలి. కలవమని కోరే సందేశంలో మన సంస్థ గొప్పలు రాయనక్కర్లేదు. మేము ఇన్ని సైట్లు చూస్తున్నాం, మీ ప్యానెల్‌లో తెలుగు డొమైన్‌కు మెయిల్‌బాక్సు పెట్టబోతే ఈ చోట ఆగిపోయింది, దీని గురించి మీ మెయిల్ విభాగం ఇంజనీరుతో ఇరవై నిమిషాలు మాట్లాడాలి అని రాస్తే చాలు. అలా రాసిన సందేశానికి జవాబు వస్తుంది.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. జర్మనీకి కావలసిన షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. మార్చిలో సదస్సంటే సంక్రాంతి లోపలే కాగితాలు ఇచ్చేయడం మంచిది. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా, సదస్సు ఆహ్వాన పత్రం, సంస్థ బ్యాంకు ఖాతా వివరాలు కావాలి. 2024 జనవరి నుంచి హైదరాబాద్‌కు, ఫ్రాంక్‌ఫర్ట్‌కు మధ్య నేరుగా లుఫ్తాన్సా విమానం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దక్షిణానికి రైలెక్కి రింగ్స్‌హైమ్ స్టేషన్‌లో దిగితే రుస్ట్ దగ్గరే. పార్కు హోటళ్లలో గదులు త్వరగా అయిపోతాయి. చుట్టుపక్కల పల్లెల్లో తీసుకుంటే రాత్రిపూట తిరిగి రావడానికి బస్సు ఉందో లేదో ముందే చూసుకోవాలి. మార్చిలో అక్కడ ఇంకా చలే.

ఇక నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది వెనక ఉండిపోయే వాళ్ల గురించి.

పెళ్లికి వెళ్తే ఇంటికి తాళం వేసి, పక్కింటివాళ్లకు చెప్పి అందరం వెళ్లిపోతాం. హోస్టింగ్ సంస్థకు ఆ వీలు లేదు. పెద్ద సంస్థల్లో ఒకరు వెళ్తే ఇంకొకరు ఉంటారు. చిన్న సంస్థలో మాత్రం సర్వర్ గురించి బాగా తెలిసిన మనిషి, డబ్బు నిర్ణయాలు తీసుకునే మనిషి, సదస్సుకు వెళ్లాల్సిన మనిషి చాలాసార్లు ఒక్కరే. అందుకే సదస్సు సన్నాహంలో సగం పని ఆఫీసులో మిగిలేవాళ్లను సిద్ధం చేయడమే అంటాను.

కాలాన్ని చూడండి. మార్చి చివరి ఆదివారం దాకా జర్మనీ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నరకు ఆఫీసులు తెరిచి, టికెట్లు వరదలా వచ్చే వేళకు అక్కడ తెల్లవారుజామున ఐదు. యజమాని నిద్రలో ఉంటాడు. ఆయన రాత్రి ఎనిమిదింటికి ఎవరితోనో కూర్చుని మాట్లాడుతున్నప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటి అరగంట. అంటే రెండు వైపులా మెలకువగా ఉండే వేళ ఒకటి ముందే ఖాయం చేసుకుని, రోజూ ఆ సమయానికి పది నిమిషాలు మాట్లాడుకోవాలి. మిగతా వేళల్లో ఫోన్ చేయాల్సిన సందర్భాలు ఏవో, చేయనక్కర్లేనివి ఏవో కాగితం మీద రాసిపెట్టాలి.

చట్టం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి లాంటిది జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లోగా ప్రభుత్వానికి తెలియజేయాలి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ విమాన ప్రయాణమే ఆరు గంటలకు మించి పడుతుంది. యజమాని ఆకాశంలో ఉండగా సర్వర్‌లోకి ఎవరో చొరబడితే, ఆయన దిగి ఫోన్ ఆన్ చేసేసరికి గడువు దాటిపోతుంది. కాబట్టి ఆ నివేదిక పంపే అధికారం, దాని నమూనా, పంపాల్సిన చిరునామా, ఆ ఆదేశాలే దాచమన్న 180 రోజుల లాగ్‌లు ఎక్కడున్నాయన్న సమాచారం, ఇవన్నీ ఆఫీసులో ఉండే ఒక మనిషి చేతిలో ముందే ఉండాలి. నన్ను అడగకుండా ఏమీ చేయకు అని చెప్పి విమానం ఎక్కకూడదు. నా కోసం ఆగకు, ఇదిగో నీకున్న అధికారం అని రాసిచ్చి ఎక్కాలి. ఆ రాతలో ఖర్చు కూడా ఉండాలి. అవసరమైతే ఎంత డబ్బు దాకా కొత్త సర్వర్ అద్దెకు తీసుకోవచ్చో అంకె వేసి చెప్పాలి.

బయల్దేరడానికి వారం ముందు నుంచి పెద్ద మార్పులేవీ పెట్టుకోకూడదు. కొత్త వెర్షన్లు, సర్వర్ తరలింపులు తిరిగొచ్చాకే. భద్రతకు సంబంధించిన అత్యవసర సవరణలు మాత్రం ఆగకూడదు. ఆ వారంలో ఒకరోజు యజమాని ఆఫీసులోనే ఉండి, ఫోన్ ఎత్తకుండా కూర్చోవాలి. ఏది ఆయన లేకుండా నడవలేదో ఆ ఒక్కరోజులో బయటపడుతుంది. ఒక పాస్‌వర్డ్ ఆయన ఫోన్‌లోనే ఉందని, డేటా సెంటర్ వాళ్లు ఆయన గొంతు వింటేనే స్పందిస్తారని, డొమైన్ రెన్యూవల్ ఆయన సొంత కార్డుకు ముడిపడి ఉందని తెలుస్తుంది. వాటిని అప్పుడే సరిచేయాలి.

వెళ్లే మనిషి సంచి గురించి కూడా. మనం వందలమంది తాళాలు దగ్గర పెట్టుకున్న వాళ్లం. రద్దీగా ఉండే హాలులో లాప్‌టాప్ పోవచ్చు. సర్వర్లలోకి వెళ్లే తాళం చెవులు లేని, డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసిన వేరే లాప్‌టాప్ తీసుకెళ్లడం ఉత్తమం. ఆఫీసు ఐపీ చిరునామా నుంచి తప్ప సర్వర్ తెరుచుకోకుండా చాలామంది కట్టడి పెట్టుకుంటారు. అది మంచి పద్ధతే. కాబట్టి అక్కడి నుంచి ఆఫీసుకు వీపీఎన్ పనిచేస్తోందో లేదో మొబైల్ డేటాతో ఇక్కడే పరీక్షించుకోవాలి. బ్యాంకు ఓటీపీ ఎస్‌ఎంఎస్‌గా వస్తుంది కదా, మన సిమ్ రోమింగ్‌లో ఎస్‌ఎంఎస్ అందుకుంటుందో లేదో కనుక్కోవాలి. ఎవరికైనా మన సిస్టమ్ చూపించాల్సి వస్తే కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు లేని నమూనా ఖాతానే చూపించాలి. మన కస్టమర్ల పేర్లు మన వ్యాపారానికి ప్రచార సామగ్రి కాకూడదు.

రుస్ట్ వెళ్లేంత డబ్బు లేని యువకులకు ఒక మాట. ఐకాన్ సమావేశాలకు ప్రవేశ రుసుము లేదు, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాల్గొనవచ్చు. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో ఐపీ చిరునామాలు పంచే ఏప్‌నిక్ సంస్థ, ఐకాన్ కూడా ఎంపికైన వాళ్లకు ఫెలోషిప్ ఇచ్చి ప్రయాణ ఖర్చులు భరిస్తాయి. ఆ దరఖాస్తుల్లో అడిగేది కూడా ఇదే: మీరు ఏ సమస్య మీద పనిచేస్తున్నారు, అక్కడికి వచ్చి ఏం చేస్తారు? తెలుగు మెయిల్‌బాక్సు ఎక్కడ ఆగిపోతోందో పరీక్షించి, ఫలితాలు రాసిపెట్టుకున్న విద్యార్థి దగ్గర ఆ జవాబు సిద్ధంగా ఉంటుంది.

సదస్సులో ఉన్నన్ని రోజులూ గదికి తిరిగొచ్చాక, నిద్రకు ముందు అరగంట రాసుకోవడానికి ఉంచుకోండి. ఎవరు ఏమన్నారు, ఏది పంపిస్తామన్నారు, దేనికి తప్పించుకున్నారు అన్నది. విజిటింగ్ కార్డు వెనక రాసిన ఒక్క ముక్క, వారం తర్వాత గుట్టలో ఏ కార్డు ఎవరిదో గుర్తు చేస్తుంది. తిరిగొచ్చిన మూడు నాలుగు రోజుల్లోనే మాట ఇచ్చిన వాళ్లందరికీ మెయిల్ వెళ్లాలి.

తిరిగొచ్చాక మొదటి సమావేశం మాత్రం ఆఫీసులో ఉండిపోయిన వాళ్లతోనే. ముందు వాళ్లు చెప్పాలి: మీరు లేని రోజుల్లో ఏం జరిగింది, ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, రాసిచ్చిన కాగితంలో ఏది పనికొచ్చింది, ఏది లేకపోయింది అని. తర్వాత టికెట్ల నుంచి తీసిన ఆ ప్రశ్నల కాగితం మళ్లీ బల్ల మీద పెట్టి, ఒక్కో దాని పక్కన దొరికిన జవాబు రాసి, వాటిలోంచి ఒకటి రెండు మాత్రమే ఎంచుకుని, ఎవరు ఎప్పటిలోగా పరీక్షించి చూస్తారో పేరుతో సహా రాయాలి. కొత్త బ్యాకప్ పద్ధతిని ముందుగా సంస్థ సొంత సైటు మీదే పెట్టాలి. కస్టమర్ల సైట్ల మీదికి ఆ తర్వాతే.